ఆసుపత్రిలో అంటువ్యాధుల నివారణ: నర్సింగ్ విద్యార్థినులకు, వారి కుటుంబాలకు తెలియవలసిన విషయాలు

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి పరిసర గ్రామాల నుండి తెలుగింటి ఆడపిల్లలు ఎందరో నర్సింగ్ విద్యకు వెళుతున్నారు. కొందరు తిరువళ్ళూరు, చెన్నై వైపు, కొందరు వేలూరుకు, మరికొందరు సరిహద్దు దాటి చిత్తూరు, తిరుపతికి. తిరుత్తణి ప్రాంతం 1960లో చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరిన నాటి నుండి ఇక్కడి పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. నర్సింగ్ పుస్తకం తెరిస్తే మూడవది, ఆంగ్లం. అందువల్ల తొలి సంవత్సరంలోనే బోధించే అతి ముఖ్యమైన పాఠం పరీక్షకు కంఠస్థమవుతుంది గాని, తల్లిదండ్రులకు వివరించి చెప్పగలిగేటంతగా మనసుకెక్కదు. ఆ పాఠమే అంటువ్యాధుల నివారణ, నియంత్రణ. విద్యార్థిని ప్రాణానికీ రోగి ప్రాణానికీ సంబంధించిన విషయం గనుక దానిని మన భాషలో వివరించే ప్రయత్నమే ఈ వ్యాసం.

వ్యాధి నడిచే దారి

ఏ అంటువ్యాధి అయినా ఒకరి నుండి మరొకరికి చేరడానికి ఒక గొలుసు కావాలి. వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి ఉండాలి. అది నివసించే చోటు ఉండాలి. అది రోగి శరీరం కావచ్చు, తడి గుడ్డ కావచ్చు, నీళ్ళ తొట్టి కావచ్చు. అక్కడి నుండి బయటపడే ద్వారం, ప్రయాణించే మార్గం, మరొకరి శరీరంలో ప్రవేశించే ద్వారం ఉండాలి. చివరగా, దానిని తట్టుకొనే శక్తి లేని మనిషి ఉండాలి. ఈ ఆరింటిలో ఏ ఒక్క కొలికిని తెంచినా వ్యాధి ఆగిపోతుంది.

నర్సు చేతిలో అన్నిటికంటె సులభంగా తెగే కొలికి ప్రయాణ మార్గం. సూక్ష్మజీవిని చంపే మందు ఎల్లప్పుడూ ఉండదు, బలహీనుడైన రోగిని ఒక్క రోజులో బలవంతుణ్ణి చేయలేము. చేతిని కడగడం, సూదిని జాగ్రత్తగా పారవేయడం, కిటికీ తెరవడం మాత్రం ఏ చిన్న ఆసుపత్రిలోనైనా సాధ్యమే. ఫలానా రోగి ప్రమాదకరం, ఫలానావాడు కాదు అని మనుషులను విభజించే అలవాటు మన సమాజంలో బలంగా ఉన్నది. నర్సింగ్ శాస్త్రం ఆ అలవాటును అంగీకరించదు. ముఖం చూసి, ఊరు చూసి, కులం చూసి ఎవరి రక్తంలో ఏమున్నదో చెప్పలేము.

చేతులు, గాజులు

1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో రెండు విభాగాలుండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. విద్యార్థుల విభాగంలో బాలింత జ్వరంతో మరణించే తల్లులు ఎంతో ఎక్కువ. తమను మంత్రసానుల విభాగంలోనే చేర్చమని స్త్రీలు ప్రాధేయపడేవారట! శవపరీక్ష గది నుండి విద్యార్థులు నేరుగా ప్రసూతి గదికి వస్తున్నారని గమనించిన ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు, అందరూ క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొనే నియమం పెట్టాడు. వందకు 18 వరకు ఉన్న మరణాలు కొద్ది నెలలలోనే 2 ప్రాంతానికి దిగాయి. ఆనాటి పెద్దలు చాలామంది ఆయన మాటను ఆమోదించలేదు. వైద్యుని చేయి అపవిత్రం కాగలదన్న మాట వారికి అవమానంగా తోచింది.

నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతి శుభ్రతకు ఐదు సందర్భాలను చెబుతున్నది. రోగిని తాకడానికి ముందు. గాయానికి కట్టు కట్టడం, సూది వేయడం వంటి శుభ్రమైన పనికి ముందు. రక్తం, మలమూత్రాలు, చీము తగిలే పని చేసిన తరువాత. రోగిని తాకిన తరువాత. రోగి మంచాన్ని, దుప్పటిని, పక్కనున్న బల్లను తాకిన తరువాత. మొదటి రెండు సందర్భాలు రోగిని కాపాడడానికి, మిగిలిన మూడు నర్సును, ఆమె తరువాత తాకబోయే రోగిని కాపాడడానికి. అనుభవంలో తేలేది ఏమంటే, తనకు అసహ్యం కలిగించిన పని తరువాత ఎవరూ చేతులు కడగడం మరువరు. మరిచేది 'ముందు' కడగడమే.

సబ్బు, నీటితో అయితే 40 నుండి 60 సెకన్లు, ఆల్కహాలు ద్రవంతో అయితే 20 నుండి 30 సెకన్లు రుద్దాలి. అరచేతులు, చేతుల వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ చివరలు అన్నీ తడవాలి. చేతికి మురికి కంటికి కనబడుతున్నపుడు, విరేచనాల రోగికి సేవ చేసినపుడు ఆల్కహాలు చాలదు. సబ్బు, నీరు తప్పనిసరి. చేతి తొడుగులు వేసుకొన్నాము గనుక కడగనవసరం లేదనుకోవడం పెద్ద పొరపాటు. తొడుగులకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి, తీసేటపుడు చేతికి మురికి అంటుతుంది. ఒకే తొడుగుతో నలుగురు రోగులను తాకిన చేయి, అసలు తొడుగే లేని చేతికంటె ప్రమాదకరం.

ఇక మన ఇళ్ళలో తరచుగా వివాదమయ్యే విషయం ఒకటున్నది. వార్డులో పనిచేసేటపుడు గాజులు, ఉంగరాలు, చేతి గడియారం తీసివేయమని, గోళ్ళు కత్తిరించుకోమని కళాశాలలో చెబుతారు. 'ఆడపిల్ల బోసి చేతులతో ఉండడమేమిటి, అశుభం కాదా' అని ఇంట్లో అమ్మమ్మలు, అత్తలు బాధపడతారు. పెళ్ళయి చదువుకొంటున్న అమ్మాయికైతే ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. ఉంగరం కింద చర్మంపై సబ్బు చేరదు, సూక్ష్మజీవులు అక్కడ నిలిచి ఉంటాయి. గాజులు మణికట్టును కడగనివ్వవు, పసిబిడ్డ చర్మాన్ని గీరుతాయి, తొడుగును చింపుతాయి. విధి ముగిసిన తరువాత గాజులు వేసుకోవడానికి అభ్యంతరమేమీ లేదు. ఈ మాటను కూతురు నోట వినడం కంటె ముందుగానే పెద్దలు తెలుసుకొని ఉంటే ఆ పిల్లకు ఎంతో మేలు.

కాట్పాడి రైలులో ప్రయాణించిన రక్తం

మన తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా సాగే రైలు మార్గానికి ఈ పాఠంలో ఒక చోటున్నది. 1985 చివరలో మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవ శాస్త్రం చదువుతున్న సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని, తన ఆచార్యురాలు సునీతి సోలమన్ సూచనతో, ఎయిడ్స్ క్రిమి మన దేశంలో ఉన్నదో లేదో పరీక్షించడానికి రక్త నమూనాలు సేకరించింది. అప్పటికి ఆ వ్యాధి పాశ్చాత్యులది, మనకు రాదు అని నమ్మకం. నగరంలో పరీక్షకు సౌకర్యం లేదు. 1986 ఫిబ్రవరిలో నిర్మల, ఆమె భర్త నమూనాలను మంచు పెట్టెలో ఉంచి రాత్రి రైలులో కాట్పాడికి, అక్కడి నుండి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసుకొనిపోయారు. పరీక్షలో కొన్నింటిలో క్రిమి జాడ బయటపడింది. భారతదేశంలో ఎయిడ్స్ క్రిమి ఉన్నదని ప్రపంచానికి తెలిసినది ఆ విధంగా.

నిర్మల ఆ రక్తాన్ని చేతి తొడుగులు లేకుండానే సేకరించింది. నాటి ఆసుపత్రులలో అది సర్వసాధారణం. రక్తమిచ్చిన స్త్రీలు చూడడానికి ఆరోగ్యవంతులే. వైద్య ప్రపంచం దీని నుండి గ్రహించిన విషయం ఒకటే: క్రిమి ఉన్నదని తెలిసిన రోగి దగ్గర మాత్రమే జాగ్రత్తపడడం నిరర్థకం, తెలియని వారే ఎక్కువ. 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, ప్రతి రోగి రక్తాన్నీ క్రిమి ఉన్నట్లుగానే భావించి మెలగాలని సార్వత్రిక జాగ్రత్తలను ప్రకటించింది. 1996లో రక్తంతో పాటు చెమట తప్ప మిగిలిన శరీర ద్రవాలన్నింటినీ చేర్చి వాటిని ప్రామాణిక జాగ్రత్తలుగా విస్తరించారు. నేడు నర్సింగ్ కళాశాలలలో బోధించేది ఇదే.

కనుక ఎయిడ్స్ రోగి మంచానికి ప్రత్యేకమైన గుర్తు వేలాడదీయడం, ఆ మనిషి దగ్గరకు మాత్రమే రెండు జతల తొడుగులతో వెళ్ళడం వ్యాధి నివారణ అనిపించుకోదు. దానివల్ల రోగికి అవమానం, నర్సుకు మిగిలిన మంచాల దగ్గర నిర్లక్ష్యం.

సూది గుచ్చుకొంటే

విద్యార్థినులకు అన్నిటికంటె దగ్గరగా ఉన్న అపాయం ఇది. వాడిన సూదికి తిరిగి మూత పెట్టబోయి వేలికి గుచ్చుకోవడం, ఎవరో దుప్పటిలో వదిలిన సూది తగలడం తరచుగా జరిగేవే. టీకా వేసుకోని వ్యక్తికి, హెపటైటిస్ బి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకొంటే వ్యాధి సోకే అవకాశం వందకు 30 వరకు ఉండవచ్చు. హెపటైటిస్ సి అయితే వందకు సుమారు 2. హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి సుమారు 3. జనం అందరికంటె భయపడేది మూడవదానికి, అసలు భయపడవలసినది మొదటిదానికి! హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో వారం రోజులైనా బ్రతికి ఉండగలదు. అయితే దానికే మంచి టీకా ఉన్నది. మూడు మోతాదులు: మొదటి రోజు, ఒక నెలకు, ఆరు నెలలకు. తరువాత రక్షణ ఏర్పడినదో లేదో రక్త పరీక్షతో తెలుసుకోవచ్చు. ఈ టీకా పసిపిల్లల టీకాలలో దేశమంతటా చేరినది 2011 ప్రాంతంలో గనుక, అంతకు ముందు పుట్టినవారికి పడి ఉండకపోవచ్చు. కళాశాలలో చేర్చే రోజున పెట్టె, బకెట్టు కొనిపెట్టే తల్లిదండ్రులు ఈ మూడు సూదుల సంగతి కూడ విచారించాలి. వార్డులో అడుగుపెట్టే లోపల కనీసం రెండైనా పడి ఉండడం మంచిది.

గుచ్చుకొన్న వెంటనే చేయవలసినది: సబ్బు, నీటితో కడగాలి. పిండకూడదు. వేలిని నోట్లో పెట్టుకోకూడదు. చిన్ననాటి అలవాటు చొప్పున చాలామంది చేసేది అదే. ఘాటైన మందులు పోయనక్కరలేదు. వెంటనే వార్డు బాధ్యురాలికి చెప్పాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులను వీలయితే రెండు గంటలలో, ఎట్టి పరిస్థితిలోను 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అవసరమా కాదా అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు.

విషాదమేమిటంటే పిల్లలు చెప్పరు. మందలిస్తారని, అజాగ్రత్త అని పేరు పడుతుందని, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని, పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని దాచుకొంటారు. మూడు రోజులు గడిచిపోతే మందు పనికిరాదు. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉన్నది. రక్తం తగిలే అవకాశమున్న చోట పనిచేసేవారికి రక్షణ సామగ్రి, శిక్షణ, ప్రమాదం జరిగితే నివారణ మందులు సమకూర్చడం ఆ సంస్థ బాధ్యత అని ఆ చట్టం చెబుతున్నది. తొడుగులు అడగడం గొంతెమ్మ కోరిక కాదని మన పిల్లలకు ఇంట్లోనే చెప్పి పంపాలి.

సూది రోగి వైపు నుండి చూచినా ఇంతే ముఖ్యం. 2009లో గుజరాత్‌లోని మొడాసా పరిసరాలలో వాడిన సిరంజీలనే మరల వాడడం వల్ల హెపటైటిస్ బి వ్యాపించి పలువురు మరణించారు. సూది వేస్తేనే జబ్బు నయమవుతుందని, మాత్రలిచ్చే డాక్టరు డాక్టరే కాదని మన పల్లెలలో ఇప్పటికీ భావిస్తారు. అనవసరమైన ప్రతి సూదీ ఒక అనవసరమైన ద్వారం. వేయక తప్పనిదైతే, కొత్త పొట్లం మన కళ్ళ ఎదుట విప్పమని అడగడంలో సిగ్గుపడవలసినది లేదు.

మన జిల్లా ప్రజలు మరువలేని సంఘటన 2008 ఏప్రిల్‌లో జరిగింది. తట్టు టీకా వేసిన తరువాత నలుగురు పసిబిడ్డలు మరణించారు. ఆ తరువాత తమిళనాడు ప్రభుత్వం గ్రామాలలో టీకాలు వేయడం ఆపి, వైద్యాధికారి ఉండే ఆరోగ్య కేంద్రాలలోనే వేయించింది. దోషనిర్ణయం ఈ వ్యాసం పని కాదు. విద్యార్థినులు కంఠస్థం చేయవలసిన నియమాలు మాత్రం ఇవి: పొడిగా వచ్చే తట్టు టీకాలో దానికి కేటాయించిన ద్రావకాన్నే, సీసా పైని పేరు చదివిన తరువాతనే కలపాలి. కలిపిన సమయం సీసాపై వ్రాయాలి. నాలుగు గంటలు దాటినా, శిబిరం ముగిసినా మిగిలినది పారవేయాలి. ఎందుకంటే కలిపిన ఆ టీకాలో క్రిములు పెరగకుండా ఆపే పదార్థమేదీ ఉండదు. టీకా పెట్టెలో టీకాలు తప్ప మరే మందూ ఉంచరాదు.

గాలి ద్వారా వచ్చేవి

క్షయ విషయంలో మన ప్రాంతం ప్రపంచానికి పాఠం చెప్పింది. 1956లో మద్రాసులో క్షయ పరిశోధన కేంద్రం ఏర్పడింది. నాడు క్షయ సోకితే మదనపల్లె ఆరోగ్యవరం వంటి శానిటోరియంలకు నెలల తరబడి పంపడమే మార్గం. ఆ కేంద్రం 193 మంది రోగులలో కొందరికి శానిటోరియంలో, కొందరికి వారి పేదరికపు ఇళ్ళలోనే మందులిచ్చి పరిశీలించింది. ఇంట్లో చికిత్స పొందినవారికి నయమవడంలో పెద్ద తేడా లేదు. వారి కుటుంబ సభ్యులకు సోకే ప్రమాదమూ అదనంగా పెరగలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితంతో క్షయ రోగిని ఇంటి నుండి వెళ్ళగొట్టడానికి శాస్త్రపు అండ లేకుండా పోయింది. రోగి వ్యాధిని పంచేది ముఖ్యంగా మందు మొదలుపెట్టక ముందు, వ్యాధి ఉన్నదని తెలియని రోజులలో.

1968లో తిరువళ్ళూరు పరిసరాలలో, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, మొదలైన బృహత్తర బి.సి.జి. పరీక్ష మరొక విషయం తేల్చింది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని 1979లో ప్రకటించారు. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపాల నుండి రక్షణ ఇస్తుంది గనుక నేటికీ పుట్టగానే వేస్తున్నారు. భుజం మీద ఆ మచ్చ ఉన్నది గనుక తనకేమీ కాదని నర్సు భావించరాదు. దగ్గే రోగికి మామూలు మాస్కు, గాలి ద్వారా సోకే వ్యాధి ఉన్న గదిలో పనిచేసే నర్సుకు ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు ఇవ్వాలి. అన్నిటికంటె ముందు ఎదురెదురు కిటికీలు తెరవాలి. చలి అని, దోమలని వార్డు కిటికీలు మూయించేది చాలాసార్లు రోగి బంధువులే.

రక్షణ దుస్తులు ధరించడం కంటె విప్పడంలో ప్రమాదమెక్కువ. మొదట తొడుగులు, తరువాత కళ్ళద్దాలు, గౌను, చిట్టచివర గది బయట మాస్కు తీసి చేతులు కడగాలి. 2018లో కేరళలో నిపా వైరస్ వ్యాపించినపుడు ఎక్కువ మందికి సోకినది ఆసుపత్రులలోనే. తొలి రోగులలో ఒకరికి సేవ చేసిన పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లిని పుదుశ్శేరి ఆ మే నెలలో మరణించారు. అప్పటికి ఆ జ్వరమేమిటో ఎవరికీ తెలియదు.

కడగడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు

పరికరాలను శుభ్రపరచడంలో మూడు మెట్లున్నాయి. మురికి పోయేలా కడగడం మొదటిది. మందు నీటితో చాలా క్రిములను చంపడం రెండవది. వేటినీ మిగల్చకుండా చంపడం మూడవది. మొదటి మెట్టు సరిగా లేకపోతే తక్కిన రెండూ వ్యర్థం, ఎండిన రక్తం కింద క్రిములు దాగి ఉంటాయి. పూర్వం కాంపౌండర్లు గాజు సిరంజీలను నీటిలో మరిగించేవారు. ధనుర్వాతపు బీజాలు మరుగు నీటికి చావవు. ఆటోక్లేవు యంత్రం మన వంటింటి ప్రెషర్ కుక్కరు సూత్రంతోనే పనిచేస్తుంది: ఆవిరి పీడనంతో 121 డిగ్రీల వేడిని కనీసం 15 నిమిషాలు, గుడ్డలో చుట్టిన మూటలకు మరింత ఎక్కువసేపు ఇస్తుంది.

వ్యర్థాలకు 2016 నిబంధనల ప్రకారం రంగులు నిర్ణయించారు. రక్తమంటిన దూది, కట్లు, మావి పసుపు సంచిలో. గొట్టాలు, సెలైన్ సెట్లు, తొడుగులు ఎరుపులో. సూదులు, బ్లేడులు గుచ్చినా చిల్లుపడని తెల్లని డబ్బాలో. మందుల గాజు సీసాలు నీలంలో. సూదిని ఎరుపు సంచిలో పడవేస్తే అది గుచ్చుకొనేది ఆ సంచిని ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలికి. ఆమెకు టీకా వేశారో లేదో అడిగేవారు తక్కువ.

ఇంటివారు చేయదగినవి

మన ఊళ్ళలో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారంటే జీపు నిండా బంధువులు బయలుదేరుతారు. ప్రేమకు కొదువ లేదు. అయితే రోగి మంచం మీద కూర్చోవడం, ఒకరి కట్టు తాకిన చేతితో పక్క మంచంవారికి పండు ఒలిచి పెట్టడం, దగ్గు, జ్వరం ఉన్నవారు బాలింతను చూడబోవడం, పసిపిల్లలను వార్డులో తిప్పడం మానాలి. మూత్రపు గొట్టం అమర్చిన రోగి సంచిని మంచం మీద పెట్టరాదు, నేలకు తగలనీయరాదు. నడుము కంటె కిందుగా వేలాడాలి. ఆ గొట్టం ఇంకా అవసరమా అని ప్రతిదినం నర్సును అడగవచ్చు. తొందరగా తీసివేసిన గొట్టమే మంచి గొట్టం.

మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను దాచి పొరుగువారికి ఇవ్వడం మరొక దురలవాటు. మందులకు లొంగని క్రిములు చెన్నై ఆసుపత్రులలోనూ ఉన్నట్లు 2010లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపింది. 2012లో దేశంలోని వైద్య సంఘాలు చెన్నైలో కూడి ఈ విషయమై ఒక ప్రకటన చేశాయి.

బాలింత ఇంటికి వచ్చిన తరువాత బిడ్డ బొడ్డుకు పసుపు, బూడిద, నూనె పెట్టే ఆచారం కొన్ని ఇళ్ళలో మిగిలి ఉన్నది. ఆ బూడిదతోనే ఒకనాడు ధనుర్వాతం పసిబిడ్డలను బలిగొన్నది. తల్లులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగిన తరువాత 2015లో భారతదేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. బొడ్డును ఏమీ పూయకుండా పొడిగా ఉంచితే చాలు, దానంతట అదే ఎండి రాలిపోతుంది. సెలవులకు వచ్చిన నర్సింగ్ విద్యార్థిని ఈ మాట చెబితే, 'మేము పెంచలేదా పిల్లల్ని' అని నాయనమ్మలు కోపగించుకోవచ్చు. అపుడు ఆమె తండ్రి కాని, మేనమామ కాని పక్కన నిలబడి ఆ పిల్లను మాట్లాడనివ్వాలి.